ఒకే వాకిలి, రెండు వాయువులు: మొక్కల అక్వేరియంలో గ్యాసూ గాలీ కలిసి ఎలా పనిచేస్తాయి

మొక్కల అక్వేరియంకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బిగించగానే వినిపించే మొదటి సలహా ఒకటే: ఇక ఎయిర్ పంపు తీసి పక్కన పెట్టెయ్యండి, లేకపోతే గ్యాసంతా గాల్లో కలిసిపోతుంది. ఈ సలహాలో సగం నిజం ఉంది. నీళ్లను ఎంత కలబెడితే అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ అంత త్వరగా బయటికి పోతుంది. కానీ ఆ సగాన్నే పూర్తి నిజంగా పట్టుకుని, ఫిల్టర్ గొట్టాన్ని లోతుకు దించి, నీటి పైభాగం అద్దంలా నిశ్చలంగా ఉండేలా చూసుకుని, రాత్రిళ్లు కూడా గాలి ఆడకుండా వదిలేసిన తొట్లలోనే చేపలు ఎక్కువగా ఉక్కిరిబిక్కిరి అవుతాయి. నిజానికి గ్యాసా, గాలా అని ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పనే లేదు. నీటి పైభాగం బాగా కదిలే తొట్టిలోనే గ్యాస్ మోతాదు అదుపులో ఉంటుంది. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే గాలీ నీరూ కలిసే చోట ఏం జరుగుతోందో కాస్త నిదానంగా చూడాలి.

ముందుగా ఒక అపోహ సంగతి. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆక్సిజన్‌కి చోటు తగ్గిపోతుందని, ఒకటి వస్తే ఇంకొకటి లేచి వెళ్లిపోతుందని చాలామంది నమ్ముతారు. బస్సులో సీట్ల లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంగ్లండ్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రం ప్రకారం, ఒక ఉష్ణోగ్రత దగ్గర ఒక వాయువు నీళ్లలో ఎంత కరుగుతుందనేది నీటి మీద ఆ వాయువు ఒక్కదాని ఒత్తిడిని బట్టే ఉంటుంది. పక్క వాయువు ఎంత కరిగి ఉందనే దానితో దానికి సంబంధం లేదు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. గాలితో పూర్తిగా సమతూకానికి వచ్చిన మంచినీళ్లలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే కాబట్టి అవే నీళ్లలో అది లీటరుకు 0.6 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మొక్కల అక్వేరియంలో గ్యాస్ వాడేవాళ్లు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు. అంటే ప్రకృతి సహజంగా ఉంచే మట్టానికి దాదాపు ముప్పై నుంచి యాభై రెట్లు.

కాబట్టి లీటరుకు 30 మిల్లీగ్రాముల గ్యాస్ ఉన్న నీళ్లలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కూడా నిక్షేపంగా ఉండగలదు. మొక్కలు చురుగ్గా ఉంటే ఆక్సిజన్ 10 దాటినా ఆశ్చర్యం లేదు. రెండూ ఎక్కువగా ఉన్న తొట్టి ఉంటుంది, రెండూ తక్కువగా ఉన్న తొట్టీ ఉంటుంది. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, గ్యాస్ ఎక్కువై ఆక్సిజన్ తక్కువైనప్పుడు. ఆ పరిస్థితిని తెచ్చిపెట్టేది మాత్రం ఆ రెండు వాయువుల మధ్య పోటీ కాదు, కదలిక లేని నీటి పైభాగం.

పైపొర దగ్గర జరిగే లావాదేవీ

నీళ్లకీ గాలికీ మధ్య వాయువులు రాకపోకలు సాగించే వాకిలి ఒక్కటే, అదే నీటి పైభాగం. అక్కడ కూడా నీటి చిట్టచివరి పొర, మిల్లీమీటరులో చిన్న వంతు మందం ఉన్నది, పెద్దగా కదలదు. కింద నీళ్లు ఎంత సుడులు తిరుగుతున్నా వాయువు అణువులు ఆ పలుచటి పొరను మాత్రం విస్తరణతో, అంటే మెల్లగా ఒకదాని పక్క నుంచి ఇంకొకటి జరుగుతూ దాటాల్సిందే. 1923లో వైట్‌మన్ అనే ఇంజనీరు వాయువుల శోషణని వివరించడానికి ఈ పొరల ఊహనే ఆధారం చేసుకున్నాడు. ఈ రోజుకీ మురుగునీటి శుద్ధి దగ్గర నుంచి చెరువుల లెక్కల దాకా అదే చిత్రం పనికొస్తోంది. పైభాగాన్ని అలలతో కదిలిస్తే ఈ పొర పలచబడుతుంది, కొత్త నీళ్లు పదే పదే పైకొస్తాయి, వాకిలి వెడల్పవుతుంది.

అయితే వాకిలి తెరిచినంత మాత్రాన ఎవరు ఎటు పోవాలో అది చెప్పదు. నీళ్లలో ఉన్నదానికీ, గాలితో సమతూకంలో ఉండాల్సినదానికీ ఉన్న తేడా ఏ దిక్కున ఉంటే వాయువు అటు నడుస్తుంది. ఎంత వేగంగా నడుస్తుందనేది ఆ తేడా ఎంతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకి ఒక తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ 30 ఉంది, ఉండాల్సింది 0.6. తేడా 29.4, బయటికి. అదే తొట్టిలో ఆక్సిజన్ 6.5 ఉంది, ఉండాల్సింది 8.3. తేడా 1.8, లోపలికి. ఈ రెండు వాయువులూ ఆ పొరను దాటే తీరు ఇంచుమించు ఒకటే. అంటే ఒకే అల, ఒకే నిమిషంలో, లోపలికి తెచ్చిన ఆక్సిజన్ కంటే పదహారు రెట్ల బరువు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుంది.

ఈ అంకె చూసే చాలామంది భయపడతారు. ఇంత నష్టానికి ఆ కాస్త ఆక్సిజనా అనిపిస్తుంది. అలా అనిపించడం సహజమే. కానీ బయటికి పోతున్న గ్యాస్‌ని సిలిండర్ నాబ్ ఒక పిసరు తిప్పి మళ్లీ ఇవ్వొచ్చు. మొక్కలు నిద్రపోతున్న వేళ ఆక్సిజన్‌ని ఇవ్వడానికి మాత్రం నీటి పైభాగం తప్ప ఇంకో దారి లేదు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో వేయడమే పొరపాటు.

ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) గురించి కూడా ఒక మాట. బుడగలోని ఆక్సిజన్ పైకి వచ్చేలోపే నీళ్లలోకి దిగిపోతుందని అనుకుంటాం. నలభై సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో ఒక మామూలు గాలి బుడగ పైకి రావడానికి పట్టేది రెండు సెకన్లకు కాస్త అటూ ఇటూ. ఆ వ్యవధిలో అది ఇచ్చేది కొంతే. దాని అసలు పని వేరు: అడుగు నీళ్లను తనతోపాటు పైకి ఈడ్చుకొచ్చి, పైన పగిలి, పొరను చిందరవందర చేయడం. అందుకే ఫిల్టర్ నీటి ధారతో పైభాగంలో చక్కటి అలలు పుట్టిస్తే బుడగ ఒక్కటి లేకపోయినా అదే ఫలితం వస్తుంది. 'ఏరేషన్' (నీళ్లకి గాలి పట్టించడం) అనగానే బుడగలే కళ్ల ముందు మెదులుతాయి గానీ, ఆ పని చేసేది పైభాగంలోని కదలికే.

రెండు తొట్ల లెక్క

నిశ్చలమైన నీళ్లు గ్యాస్‌ను పొదుపు చేస్తాయన్నది నిజమే. అయితే ఆ పొదుపు వెనక ఒక ప్రమాదం దాగి ఉంటుంది. దాన్ని మాటల్లో కంటే లెక్కలో చూపిస్తేనే తేలిగ్గా అర్థమవుతుంది. మొక్కలు పీల్చుకునేదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి రెండు తొట్లను ఊహించుకుందాం. మొదటిదాంట్లో పైభాగం దాదాపు కదలదు. నీళ్లలో ఆ క్షణానికి ఉన్న గ్యాస్‌లో గంటకు 20 శాతం చొప్పున బయటికి పోతూ ఉంటుంది. రెండోదాంట్లో పైభాగం అంతా అలలే. అక్కడ గంటకు 60 శాతం చొప్పున పోతుంది. దీపాలు వెలిగేసరికి 30 మిల్లీగ్రాములు అందాలని, రెండింటికీ రెండు గంటల ముందే గ్యాస్ తెరిచాం. అంటే రెండింట్లోనూ రెండో గంటకి 30 చేరేలా నాబ్ సరిచేశాం. అప్పటిదాకా రెండు తొట్లూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. నిశ్చలమైన తొట్టిలో రెండు గంటల్లో 30 రావాలంటే లీటరుకు గంటకు సుమారు 18 మిల్లీగ్రాములు వదలాలి. పోయేది తక్కువ కాబట్టి మట్టం అక్కడ ఆగదు. నాలుగో గంటకి 50, ఆరో గంటకి 64, ఎనిమిదో గంటకి 73. ఇంకా వదిలేస్తే 91 దాకా ఎక్కుతూనే ఉంటుంది. అలలున్న తొట్టికి గంటకు 26 మిల్లీగ్రాములు కావాలి. అక్కడ నాలుగో గంటకి 39, ఆరో గంటకి 42. ఆపైన 43 దగ్గర ఆగిపోతుంది, సాయంత్రం దాకా వదిలినా అంతే. గ్యాస్ ఖర్చు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు. అయినా ఒక తొట్టిలో చేపలు ప్రాణాపాయంలో పడ్డాయి, ఇంకో తొట్టిలో మట్టం ఒక చోట నిలబడింది.

ఇందులో కిటుకు ఏమీ లేదు. నీళ్లలో గ్యాస్ పెరిగే కొద్దీ బయటికి పోయేదీ పెరుగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట మట్టం నిలబడుతుంది. వాకిలి వెడల్పుగా ఉంటే ఆ సమానం త్వరగా వస్తుంది. ఇరుగ్గా ఉంటే రోజంతా గడిచినా రాదు. దీపాల సమయం మొత్తం మట్టం ఒకే తీరున ఉండాలని మొక్కలు పెంచేవాళ్లు కోరుకుంటారు. నిశ్చలమైన నీళ్లతో అది సాధ్యపడదు. నాబ్ ఎంత తగ్గించినా పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ అనే ఏటవాలు మాత్రం పోదు. మీటర్లు, సెన్సర్లు కొనే ముందు పైభాగం కదలికను సరిచూసుకోవడం అందుకే ముఖ్యం. అది ఖర్చు లేని రెగ్యులేటర్.

సిలిండర్ ఖాళీ కావొచ్చినప్పుడు కూడా ఈ తేడా బయటపడుతుంది. లోపలి ఒత్తిడి పడిపోయే చివరి దశలో కొన్ని సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లు (సిలిండర్ ఒత్తిడిని ఒకే అంచెలో తగ్గించే పరికరాలు) ఉన్నట్టుండి ఎక్కువ గ్యాస్ వదిలేస్తాయి. అలలున్న తొట్టి ఆ పొంగులో కొంత భాగాన్ని అప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది. నిశ్చలమైన తొట్టి దాచిపెట్టుకుంటుంది.

చేప వైపు నుంచి చూస్తే

దీపాలు వెలిగి ఏడు గంటలయిన ఒక తొట్టిని దగ్గర నుంచి చూద్దాం. ఆకుల అంచుల వెంట ముత్యాల్లాంటి బుడగలు, కాండాల మీద నుంచి దారంలా పైకి లేచే బుడగల వరస. నీళ్లు ఆక్సిజన్‌తో నిండిపోయి ఇక పట్టనప్పుడే ఇలా కనిపిస్తుంది. చూడ్డానికి ఇంతకంటే ఆరోగ్యకరమైన దృశ్యం లేదు. కానీ ఆ పక్కనే, ఫిల్టర్ ధార పడే మూలలో, చేపలు ముక్కులు పైకెత్తి గుంపుగా నిలబడి ఉన్నాయి. మొప్పల మూతలు మామూలు కంటే రెండింతలు వేగంగా ఆడుతున్నాయి. రొయ్యలు గాజు వెంట పైపైకి పాకుతున్నాయి. నీళ్ల నిండా ఆక్సిజన్ ఉండగా ఊపిరాడకపోవడమేమిటి?

జవాబు చేప రక్తంలో ఉంది. చేప శరీరంలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ మొప్పల గుండా బయటి నీళ్లలోకి జారిపోవాలి. బయట తక్కువ ఉంటేనే అది జరుగుతుంది. బయట పెరిగితే రక్తంలోనూ పెరుగుతుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఆమ్లత్వం పెరిగినప్పుడు హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే బిగువు సడలుతుందని డెన్మార్క్ శరీర ధర్మ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు 1904లో చూపించారు. చాలా జాతుల చేపల్లో ఇంకో అడుగు ముందుకు పోయి, ఆక్సిజన్ ఎంత ఉన్నా హీమోగ్లోబిన్ పూర్తిగా నిండలేని స్థితి వస్తుంది. దానికి రూట్ ప్రభావం అని పేరు. అందుకే గ్యాస్ ఎక్కువైన నీళ్లలో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నా చేపకి అందదు. ఆక్సిజన్ బాగా ఉంటే తట్టుకునే శక్తి కొంత పెరుగుతుందే తప్ప, గ్యాస్ విషమయ్యే మట్టం దాటితే అది రక్షించదు. మొక్కలు బుడగలు వదులుతున్నాయి కాబట్టి చేపలకి ఢోకా లేదనే ధీమా అందుకే ప్రమాదకరం.

చేపలు రక్తంలో బైకార్బొనేట్ నిలవ పెంచుకుని ఈ ఆమ్లత్వాన్ని సర్దుకోగలవు. దానికి గంటల నుంచి రోజుల సమయం పడుతుంది. వారం పది రోజుల్లో మెల్లగా పెంచిన మోతాదుని ఇబ్బంది లేకుండా భరించిన చేపలే, అదే మోతాదు ఒక్క మధ్యాహ్నంలో వస్తే పడిపోవడానికి కారణం ఇదే.

ఆక్సిజన్ చాలకపోయినా, గ్యాస్ ఎక్కువైనా బయటికి కనిపించే లక్షణాలు ఒకటే. విడదీసి చెప్పేది గడియారం. దీపాలు వెలగక ముందు, తెల్లవారుజామున చేపలు పైకి చేరితే రాత్రంతా ఆక్సిజన్ ఖర్చయిపోయిందని అనుమానించాలి. దీపాలు ఆరే ముందు, సాయంత్రం వేళ పైకి చేరితే గ్యాస్ ఎక్కువైందని అనుమానించాలి. మొదటిదానికి మందు రాత్రి గాలి. రెండోదానికి మందు నాబ్ తగ్గించడం, పగటి అలలు పెంచడం. బెట్టా, గౌరామి లాంటి చేపలు మాత్రం స్వభావరీత్యానే పైకొచ్చి గాలి మింగుతాయి. వాటిని చూసి గాభరా పడక్కర్లేదు.

చీకటి పడ్డాక

1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు నీళ్లలో ముంచిన ఆకులు ఎండలో బుడగలు వదలడాన్ని, చీకట్లో ఆ పని మానేయడాన్ని గమనించి, మొక్కల పనికి వెలుతురు కావాలని రుజువు చేశాడు. అక్వేరియం ముందు కూర్చునేవాళ్లకి ఇది రోజూ కనిపించే ప్రయోగమే. దీపం ఆరగానే ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. శ్వాస మాత్రం ఆగదు. మొక్కలు, చేపలు, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. ఫిల్టర్‌లోని బాక్టీరియా ఆకలి చిన్నదేం కాదు: అమ్మోనియా రూపంలో ఉన్న ఒక గ్రాము నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. పైగా నీళ్లు వేడెక్కితే పట్టుకోగలిగే ఆక్సిజనే తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 9.1 మిల్లీగ్రాములున్నది 30 డిగ్రీలకి 7.6 అవుతుంది. అదే వేడికి అన్ని జీవుల ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది.

దట్టంగా మొక్కలున్న తొట్టిలో రాత్రి కష్టం ఇంకా ఎక్కువ. మొక్కలే ఆక్సిజన్ ఇస్తాయి కదా, ఎన్ని ఉంటే అంత మంచిదనే మాట పగటికే వర్తిస్తుంది. కాబట్టి రాత్రి ఎయిర్ పంపు నడపడంలో నష్టమంటూ ఏమీ లేదు. ఆ వేళ గ్యాస్ ఎవరికీ అక్కర్లేదు. పోతే పోనివ్వాలి, పోవడమే కావాలి. నేచర్ అక్వేరియం పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన జపాన్ కళాకారుడు తకాషి అమానో కూడా రాత్రి గాలిని తన పద్ధతిలో భాగం చేసుకున్నాడు. ఫిల్టర్ నీళ్లను తొట్టిలోకి వదిలే లిల్లీ పైప్ అనే గాజు గొట్టాన్ని పగలు నీళ్లలో ముంచి, రాత్రి పైకి లేపితే నీళ్లు గాలిని కలుపుకుంటూ పడతాయి.

రోజువారీ ఏర్పాటుకి రెండు టైమర్లు చాలు. గ్యాస్ సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) దీపాలకంటే గంట రెండు గంటల ముందు తెరుచుకుని, దీపాలు ఆరడానికి గంట ముందు మూసుకుంటుంది. చివరి గంట మొక్కలకి నీళ్లలో మిగిలిందే సరిపోతుంది. ఎయిర్ పంపు దీపాలు ఆరగానే మొదలై, మర్నాడు గ్యాస్ తెరుచుకునే వేళకి ఆగుతుంది. రాత్రి పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, ఆమ్లత్వం పెరిగితే ఇది తగ్గుతుంది) పెరిగి పగలు తగ్గడం చూసి కొందరు చేపలకి హాని అనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చే ఈ ఊగిసలాటలో నీళ్లలోని లవణాలు గానీ, కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) గానీ మారవు. చేపలకి దెబ్బ తగిలేది ఆ పీహెచ్ అంకె వల్ల కాదు, గ్యాస్ వల్లే.

ఎలాంటి కదలిక, ఎంత

పగటిపూటకి ఎయిర్ స్టోన్ కంటే ఫిల్టర్ ధారతో పుట్టే అలలే మేలు. నీటి పైభాగం మొత్తం సన్నగా వణుకుతూ ఉండాలి. పై నుంచి చూస్తే దీపపు వెలుగు అడుగు ఇసుక మీద వలలా కదలాడాలి. నీళ్లు పగిలి చిందుతూ, గాలిని లోపలికి లాగుతూ ఉంటే పగటికి అది ఎక్కువ. గ్యాస్ ఖర్చుకు వెనకాడని వాళ్లు అలాగే నడపొచ్చు, చేపలు ఎక్కువగా ఉన్న తొట్టికి అదీ మంచిదే. మొక్కలు ఆక్సిజన్‌ని 8.3 దాటించాక అలలు ఆ అదనాన్ని కూడా బయటికి పంపుతాయి కాబట్టి ముత్యాల బుడగలు కొంచెం తగ్గినట్టు కనిపిస్తాయి. అంతమాత్రాన మొక్కలు పనిచేయడం లేదని కాదు.

పైభాగం మీద నూనెలా తేలే సన్నటి పొర గురించి తక్కువమంది పట్టించుకుంటారు. కుళ్లిన ఆకులు, మిగిలిన మేత, బాక్టీరియా కలిసి కట్టే ఈ పొర అలల్ని మింగేసి వాయువుల రాకపోకల్ని బాగా తగ్గిస్తుంది. ఫిల్టర్ అదే వేగంతో తిరుగుతున్నా, గ్యాస్ నాబ్ ముట్టుకోకపోయినా, వారంలో డ్రాప్ చెకర్ (నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ మట్టాన్ని రంగుతో చూపే చిన్న పరికరం) ఆకుపచ్చ నుంచి పసుపుకి, అంటే గ్యాస్ ఎక్కువైన రంగుకి, మారిందంటే ముందు పైభాగాన్ని వంగి చూడాలి. స్కిమ్మర్ (పైపొరను లాగేసే పరికరం) ఉంటే ఈ బెడద ఉండదు. సంప్ (ఫిల్టర్ కోసం కింద పెట్టే అదనపు తొట్టి) ఉన్న తొట్లలో దీనికి పూర్తిగా విరుద్ధమైన సమస్య: నీళ్లు ఎత్తు నుంచి పడే చోటే గ్యాస్ చాలా పోతుంది, కాబట్టి ఆ పడే ఎత్తు తగ్గించాలి.

నీటి లోపలి ప్రవాహం వేరే సంగతి, పైభాగపు అలలు వేరే సంగతి. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ విస్తరణ గాలిలో కంటే పది వేల రెట్లు నెమ్మది. ప్రతి ఆకునీ అంటిపెట్టుకుని కూడా కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. ఆకులు మెల్లగా ఊగేంత ప్రవాహం ఉంటే ఆ పొర పలచబడి గ్యాస్ ఆకుకి చేరుతుంది. డ్రాప్ చెకర్‌లో 30 చూపిస్తున్నా వెనక మూలలో మొక్కలు చిక్కిపోతుంటే అక్కడికి ప్రవాహం చేరడం లేదని అర్థం. గ్యాస్ పెంచడం దానికి విరుగుడు కాదు.

కొలత విషయంలో ఒక చిన్న మెలిక. గ్యాస్ వల్ల పీహెచ్ ఒక అంకె తగ్గితే కార్బన్ డయాక్సైడ్ పది రెట్లు పెరిగినట్టు. పీహెచ్ ఒకటి తగ్గితే 30 అందినట్టే అని ఒక వాడుక ఉంది. ఆ లెక్క నిజం కావాలంటే మొదట 3 మిల్లీగ్రాములు ఉండాలి. రాత్రి గాలి లేని తొట్టిలో పొద్దున అంత మిగిలి ఉండొచ్చు. రాత్రంతా ఎయిర్ పంపు నడిచిన నీళ్లలో 1 మిల్లీగ్రాముకి అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. అక్కడ పీహెచ్ ఒకటి తగ్గితే వచ్చేది 10 చిల్లరే, 30 రావాలంటే దాదాపు ఒకటిన్నర తగ్గాలి. కాబట్టి ఒక గ్లాసు తొట్టి నీళ్లను రోజంతా బయట ఉంచి, అప్పుడప్పుడు కలిపి, ఆ పీహెచ్‌ని మొదలుగా తీసుకోవడం నయం. డ్రాప్ చెకర్ నమ్మదగినదే గానీ అది చూపించేది గంట, రెండు గంటల కిందటి సంగతి. నిశ్చలమైన తొట్టిలో గ్యాస్ ఎక్కుతూ పోతున్నప్పుడు ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది.

సిలిండర్ లేని తొట్టి

గ్యాస్ అసలు పెట్టని తొట్టిలో గాలి ప్రభావం రెండు దిక్కులా ఉంటుంది. మట్టిలో కుళ్లే పదార్థం వల్ల రాత్రంతా కొంత కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. పొద్దున్నే అలలు బలంగా ఉంటే మొక్కలకి అందాల్సిన ఆ కాస్తా పోతుంది. దీపాలు వెలిగిన కొన్ని గంటలకి మొక్కలు దాన్ని తినేసి, మట్టం 0.6 కంటే కిందికి పడిపోవచ్చు. అప్పుడు అవే అలలు బయటి గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తెస్తాయి. గాలి ఎప్పుడూ గ్యాస్‌ని పారదోలుతుందనే మాట ఇక్కడ తలకిందులవుతుంది.

పంచదార, ఈస్ట్ కలిపిన సీసాతో గ్యాస్ తయారుచేసుకునే వాళ్లకి రాత్రి గాలి ఇంకా తప్పనిసరి. ఈస్ట్‌కి టైమర్ లేదు. దీపాలు ఆరినా అది గ్యాస్ వదులుతూనే ఉంటుంది, అదీ మొక్కలు కూడా వదులుతున్న సమయంలో.

అప్పటికే చేపలు పైకి చేరిపోయి ఉంటే గ్యాస్ మూసి, ఎయిర్ పంపుని పూర్తి వేగంతో పెట్టాలి. పై లెక్కలోని తొట్ల ప్రకారం చూస్తే, గంటకు 60 శాతం చొప్పున పోయే నీళ్లలో గ్యాస్ సగానికి రావడానికి 70 నిమిషాలు పడుతుంది. 20 శాతం చొప్పున పోయేదానికి మూడున్నర గంటలు. సగం నీళ్లు మారిస్తే సగానికి అప్పటికప్పుడే వస్తుంది, కాబట్టి రెండూ ఒకేసారి చేయాలి. క్లోరిన్ తీసిన నీళ్లు, అదే వేడితో.

కొత్తగా గ్యాస్ మొదలుపెట్టే తొట్టిలో వరస ఇలా ఉండాలి: ముందు అలలు నిర్ణయించుకోవాలి, ఆ తర్వాత వాటిని ముట్టుకోకూడదు. తర్వాత గ్యాస్‌ని తక్కువలో తెరిచి, రోజుకి కొద్దికొద్దిగా కాకుండా రెండు మూడు రోజులకి ఒకసారి పెంచాలి. పెంచిన ప్రతి రోజూ దీపాలు ఆరే ముందు గంట తొట్టి దగ్గరే ఉండాలి. చేపలు మధ్య నీళ్లలో మామూలుగా తిరుగుతూ, మొప్పలు పొద్దున ఎంత వేగంతో ఆడాయో ఇప్పుడూ అంతే ఆడుతుంటే, రెండు రోజుల తర్వాత ఇంకో పిసరు తిప్పొచ్చు.